నల్లా వెనుక 186 కిలోమీటర్లు

హైదరాబాద్‌కు ఉత్తరాన, దుండిగల్‌కూ బాచుపల్లికీ నడుమ ఉన్న బౌరంపేట ఒకప్పుడు చెరువును నమ్ముకున్న పల్లె. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఊరి రూపమే మారింది. పొలాల్లో వెంచర్లు పడ్డాయి, విల్లాలు, అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇక్కడ ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లు రోడ్డు వెడల్పు, బడి దూరం కనుక్కున్నాక తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మంజీరా కనెక్షన్ ఉందా, బోరేనా?’ నీళ్లు ఏ నది నుంచి వచ్చినా నగరవాసి నోట అది మంజీరానే. కనెక్షన్ ఉందని చెబితే చాలు, ఆరా అక్కడితో ఆగిపోతుంది. ఆ పైపు, దాని వెనుకున్న పంపు, ఆ పంపు వెనుకున్న డ్యామ్ ఏ స్థితిలో ఉన్నాయో, వాటిని ఎవరు చూసుకుంటున్నారో, అందుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ అడగరు. అడిగేవాళ్లు లేరు కాబట్టి చెప్పేవాళ్లూ లేరు. కొన్నేళ్లుగా మన నదుల మీద కొట్టుకుపోయిన గేట్లను, కుంగిన పియర్లను, తెగిన కట్టలను వరసగా చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. కట్టడంలో మనం గట్టివాళ్లం, కట్టినదాన్ని కాపాడుకోవడంలో అశ్రద్ధ మన అలవాటు. ప్రాజెక్టుకు మొదటి రూపాయి కేటాయించిన రోజునే దాని నిర్వహణకూ రూపాయి పక్కన పెట్టకపోతే, ఎన్ని కొత్త పథకాలు తెచ్చినా శివారు నల్లాకు భరోసా ఉండదు.

హైదరాబాద్ తాగునీటి చరిత్ర ఏటేటా పెరుగుతూ పోయిన దూరాల చరిత్ర. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మీద మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే ఊరి దాహమూ తీర్చాయి. ఉస్మాన్ సాగర్ నీరు పల్లానికి తనంతట తానే పారి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేది, మోటారుతో పని లేదు. నగరం పెరిగేకొద్దీ 1965లో మంజీరా, 1990ల మొదట్లో సింగూరు, 2004లో కృష్ణా, 2015లో గోదావరి వచ్చి చేరాయి. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి శామీర్‌పేట దగ్గరి ఘన్‌పూర్ రిజర్వాయర్ దాకా రావాలంటే 186 కిలోమీటర్ల పైప్‌లైన్ దాటాలి. ఎల్లంపల్లి పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 148 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది సుమారు 540 మీటర్ల ఎత్తున. అంటే ప్రతి బిందెడు నీటినీ దాదాపు 400 మీటర్లు పైకి ఎత్తుకు రావాలి. వెయ్యి లీటర్లను అంతెత్తుకు లేపడానికే ఒక యూనిట్ పైచిలుకు కరెంటు పడుతుంది. పైపులో రాపిడి, మోటార్లలో నష్టం కలుపుకుంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. కాబట్టి దారిలో కారిపోయే ప్రతి వెయ్యి లీటర్లతో పాటు కరెంటూ నేలపాలవుతోంది. నిజాం కాలపు వ్యవస్థను వాలు నడిపింది. నేటి వ్యవస్థను యంత్రాలు నడుపుతున్నాయి. యంత్రం మీద బతికే ఊరికి నిర్వహణే ప్రాణాధారం.

ఈ దూరం మోపే బరువు ఎంతటిదో తెలియాలంటే పెద్ద పైప్‌లైన్‌కు లీకేజీ పడినప్పుడు ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. గోదావరి ప్రధాన పైపు వ్యాసం మూడు మీటర్లు, మనిషి లోపల నిటారుగా నడిచిపోవచ్చు. ఎక్కడో ఒక జాయింటు దగ్గర చెమ్మ కనిపిస్తుంది. చెమ్మ ఊటగా, ఊట చిమ్ముగా మారుతుంది. మరమ్మతు చేయాలంటే ముందు పంపులు ఆపాలి. అవి ఒక్కసారిగా ఆగితే లైన్‌లోని నీరు వెనక్కి తన్ని పైపును పగలగొట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఒక క్రమంలో మెల్లగా ఆపాలి. ఆ తర్వాత పల్లంలో ఉన్న స్కవర్ వాల్వులు తెరిచి ఆ భాగంలోని నీటినంతా వదిలేయాలి. గుంత తవ్వి, బురద తోడి, లోహాన్ని ఆరబెట్టి, వెల్డింగ్ చేయాలి. మళ్లీ నింపేటప్పుడు అసలు ఓపిక కావాలి. పైపులో చిక్కుకున్న గాలి మిట్టల మీది ఎయిర్ వాల్వుల గుండా బయటికి పోతేనే నీరు ముందుకు కదులుతుంది. ఆ వాల్వు తుప్పు పట్టి మూసుకుపోయి ఉంటే గాలి నీటికి అడ్డం పడుతుంది. ఇదంతా అయ్యేసరికి ఒకటి రెండు రోజులు గడుస్తాయి. సరఫరా తిరిగి మొదలయ్యాక మొదట నిండేవి ప్రధాన లైన్ పక్కనున్న రిజర్వాయర్లు. ఎత్తున ఉన్న కాలనీలకూ, పైపు కొసన ఉన్న ఊళ్లకూ ప్రెషర్ అందేది చిట్టచివర. నగర నీటి సంస్థ జలమండలి ప్రకటనలో అది 24 గంటల అంతరాయం, శివారు ఇంట్లో మాత్రం అది మూడు నాలుగు రోజుల కరువు.

శివారుకు మరో చిక్కు కూడా ఉంది. బౌరంపేట నిన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీ. 2018లో దుండిగల్ మున్సిపాలిటీలో భాగమైంది. 2025 చివరలో ఆ మున్సిపాలిటీని జీహెచ్‌ఎంసీలో కలిపారు. ఎనిమిదేళ్లు తిరగకుండానే ఊరి పాలన మూడు చేతులు మారింది. మరోవైపు అవుటర్ లోపలి ఊళ్లకు నీళ్లిచ్చేందుకు జలమండలి దాదాపు రూ. 1,200 కోట్లతో ఓఆర్‌ఆర్ రెండో దశ పథకం చేపట్టి రిజర్వాయర్లు కట్టింది, పైపులు పరిచింది. కాలనీలు వేసినవాళ్లు వాళ్ల పద్ధతిలో లోపలి లైన్లు వేసుకున్నారు. పంచాయతీ కాలం నాటి బోరు లైన్లు వాటి కింద ఎక్కడో ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో మొదట గల్లంతయ్యేది సమాచారం. ఏ వీధి కింద ఏ సైజు పైపు ఉంది, వాల్వు ఏ సీసీ రోడ్డు కింద పూడుకుపోయింది అన్నది కాగితం మీద కన్నా పాత లైన్‌మన్ తలలోనే పదిలంగా ఉంటుంది. అతను బదిలీ అయినా, కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయినా ఆ పటం అతనితోనే పోతుంది. ఆ తర్వాత కేబుల్ కోసమో డ్రైనేజీ కోసమో జేసీబీ తవ్వినప్పుడు పైపు జాడ తెలుస్తుంది, అప్పటికి అది పగిలి ఉంటుంది. పగిలిన పైపు నీటిని పోగొట్టి ఊరుకోదు. రోజు విడిచి రోజు సరఫరా ఉండే లైన్‌లో నీరు ఆగిపోగానే లోపల ఒత్తిడి పడిపోయి, చుట్టూ ఉన్న మురుగు పగుళ్లలోంచి లోపలికి జొరబడుతుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన విషాదం దీని పర్యవసానం ఎంత దూరం పోతుందో చూపింది.

పైపుల సంగతి వదిలి డ్యామ్‌ల దగ్గరికి వెళ్దాం. డ్యామ్ అనగానే కళ్ల ముందు మెదిలేది రాతి గోడ. ఆ గోడ మహా మొండిది, వందేళ్లయినా నిలబడుతుంది. ముందుగా అలసిపోయేవి కదిలే భాగాలు: గేట్లు, గొలుసులు, ఇనుప తాళ్లు, రబ్బరు సీళ్లు, ఎత్తే మోటార్లు. వీటి ఆయుష్షు గోడ ఆయుష్షులో సగం కూడా ఉండదు. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యామ్‌కు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది, గేటు కొట్టుకుపోయింది. అప్పటికి జలాశయం నిండుగా ఉంది. ఒక్క చోట నుంచే నీరు ఉరికితే కట్టడానికి దెబ్బ అని మిగతా గేట్లనూ ఎత్తి, ఎన్నో టీఎంసీల నీటిని కిందికి వదిలేశారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, పారుతున్న నీటిలోనే ఇనుప స్టాప్‌లాగ్ పలకలను ఒకదాని మీద ఒకటి దించి, వారంలోపే ప్రవాహాన్ని ఆపారు. ఆ సాహసానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఏడు దశాబ్దాల గేట్లను సమయానికి మార్చి ఉంటే ఆ సాహసంతో పని పడేది కాదు. నష్టం అక్కడితో ఆగలేదు. మిగతా గేట్ల మీద నమ్మకం చాలక 2025లో 105 టీఎంసీల జలాశయాన్ని 80 టీఎంసీల దగ్గరే ఆపాల్సి వచ్చింది. గేట్ల బలహీనత వల్ల వదులుకున్న ఆ 25 టీఎంసీలు హైదరాబాద్‌కు ఏడాది పొడవునా గోదావరి మొదటి దశ నుంచి రావాల్సిన 10 టీఎంసీలకు రెండున్నర రెట్లు. గేటు మీద ఆదా చేసిన డబ్బు ఆయకట్టు రైతుకు ఒక పంట నష్టమై తగిలింది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే. వానలు అడ్డూ అదుపూ లేకుండా కురుస్తున్నాయి, ఇంజినీర్లు ఏం చేస్తారు, ప్రకృతి ముందు నిర్వహణ ఎంతటిది అంటారు. ఇందులో సగం నిజముంది. 2022 జులైలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. దాని గేట్లు వదలగలిగింది సుమారు మూడు లక్షలే. అంత వరదకు ఏ నిర్వహణా సమాధానం కాదు. అయితే ఆ వరదలో 18 గేట్లలో ఒకటి ఎత్తుదామన్నా లేవలేదు. ఏడాది తిరిగి 2023 జులై వచ్చేసరికి నాలుగు గేట్లు మొరాయించాయి, మళ్లీ నీరు కట్టడం మీదుగా పొర్లింది. వరదను పంపేది ఆకాశమే, ఒప్పుకుందాం. తలుపు తెరుచుకోకపోవడం మాత్రం మన లెక్కలోకే వస్తుంది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది, స్టాప్‌లాగ్ దించడానికి జలాశయాన్ని చాలా మేరకు ఖాళీ చేయాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, పదుల మంది చనిపోయారు. అక్కడి అయిదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పారు. వానలు నిజంగానే విపరీతమవుతున్నాయంటే నిర్వహణ అవసరం అంతకంతకూ పెరగాలి. మామూలు వరదకు ఒక గేటు తక్కువైనా గండం గడిచిపోవచ్చు, అసాధారణ వరదలో ఆ ఒక్క గేటే ఊరి తలరాత రాస్తుంది.

బౌరంపేట వైపు నగరానికి మరింత దగ్గరి ఉదాహరణ సింగూరు. మంజీరా మీద దాదాపు 30 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఈ జలాశయం నగర పడమటి, ఉత్తర భాగాలకు ఆసరా. 2025లో నిపుణులు పరిశీలించి, నీటి వైపు మట్టికట్టకు రక్షణగా పేర్చిన రాతి రివిట్‌మెంట్ దెబ్బతిందని, మరమ్మతు ఆలస్యం కారాదని హెచ్చరించారు. రివిట్‌మెంట్ చూడ్డానికి చిన్న విషయం. అలలు రోజూ కట్టను కొడుతుంటాయి, ఆ దెబ్బ తినేది ఆ రాళ్లే. రాయి జారితే మట్టి బయటపడుతుంది, మట్టిని అల కొంచెం కొంచెంగా తినేస్తుంది. నీటిమట్టం తగ్గినప్పుడు జారిన రాళ్లను తిరిగి పేర్చుకోవడం పాత పద్ధతి. కానీ తాగునీటి పథకాలన్నీ ఒకే జలాశయం మీద ఆధారపడ్డాక మట్టాన్ని దించే వీలుండదు. మట్టం దించకుండా కట్టను బాగుచేయలేం, నల్లాలు ఆపకుండా మట్టం దించలేం. వాయిదా వేసిన చిన్న పనులు ఇలాగే ముదిరి ముడిపడతాయి. 2019 కరువులో సింగూరు, మంజీరా ఎండిపోయినప్పుడు నగరానికి అటునుంచి సరఫరా నిలిచి, ప్రధానంగా కృష్ణా గోదావరులతో నెట్టుకొచ్చారు. అంటే ఒక వనరు ఆగినా మరొకటి ఆదుకునే ఏర్పాటు నగరానికి కొంత ఉంది. ఆ వెసులుబాటును కరువు వచ్చినప్పుడే వాడుకుంటున్నాం, మరమ్మతు కోసం మనంతట మనం వాడుకోవడం అలవాటు చేసుకోలేదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. శివారులో ఇంకా కనెక్షన్ లేని ఇళ్లున్నాయి, జనాభా ఏటా పెరుగుతోంది, ముందు నీళ్లు తెచ్చి ఆ తర్వాత మరమ్మతుల గురించి మాట్లాడుకుందాం అంటారు. కొత్త నీళ్లు అక్కర్లేదని ఎవరూ అనలేరు. 2025 సెప్టెంబర్ 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గండిపేటలో శంకుస్థాపన చేసిన గోదావరి రెండో దశ ద్వారా మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తేవాలన్నది లక్ష్యం. అందులో రెండున్నర టీఎంసీలు మూసీ ప్రక్షాళనకు, మిగతావి తాగునీటికి. ఖర్చు రూ. 7,360 కోట్లు. ఉత్తర శివార్లకు ఆ నీళ్లు కావాలి. కానీ చిల్లు పడిన చోటు చూసుకోకుండా ధార పెంచితే ఏం మిగులుతుంది? నగర నీటి సంస్థల్లో లెక్కకు రాని నీరు 20 శాతం మించకూడదన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. మన నగరాల్లో అది మూడో వంతు దాటడం మామూలే. రోజుకు 550 మిలియన్ గాలన్ల (ఎంజీడీ) దాకా సరఫరా చేసే హైదరాబాద్ వంటి నగరంలో మూడో వంతు లెక్క తప్పిందంటే అది గోదావరి మొదటి దశ మొత్తం తెచ్చే 172 ఎంజీడీ కన్నా ఎక్కువ. అందులో కొంత దొంగ కనెక్షన్లది, కొంత మీటర్ల లోపం, మిగతాది నిజంగా నేలలోకి ఇంకినదే. ఇందులో సగం పట్టుకున్నా ఒక నదిలో సగం దొరికినట్టే, దానికి భూసేకరణ అక్కర్లేదు, అటవీ అనుమతులు అక్కర్లేదు.

పైగా కొత్తది కదా, కొన్నాళ్లు చూడకపోయినా ఏం కాదులే అన్న ధీమా కూడా చెల్లదని మేడిగడ్డ చెప్పింది. 2019 జూన్ 21న ప్రారంభమైన ఆ బ్యారేజీ 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకు దగ్గర కుంగింది. డిజైన్, నాణ్యత లోపాలతో పాటు నిర్వహణ లోపాన్నీ జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ ఎత్తిచూపింది. పాత కట్టడాలకు మరో రోగం పూడిక. నాగార్జునసాగర్ తొలి సామర్థ్యం 408 టీఎంసీలు, నేడు లెక్కలోకి తీసుకునేది 312. తుంగభద్ర 133 నుంచి 105కు దిగింది. ఒక్క గేటూ విరగకుండా, ఒక్క వార్తా రాకుండా ఈ రెండు జలాశయాల్లో కలిపి 120 టీఎంసీలకు పైగా చోటు మట్టి కింద కలిసిపోయింది. ఈ నిర్వహణ లోపం పేదరికం వల్ల వచ్చిన తిప్పలని సరిపెట్టుకోవడానికీ లేదు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో 2022 ఆగస్టులో నీటి శుద్ధి కేంద్రం చేతులెత్తేసి, లక్షన్నర మంది తాగే నీళ్లకు సీసాల కోసం బారులు తీరారు. వరద ఒక సాకు, ఏళ్ల తరబడి వాయిదా వేసిన మరమ్మతులే మూలం.

మూడో అభ్యంతరం డబ్బు. నిర్వహణ నిర్వహణ అంటారు, చివరికి నీటి బిల్లు పెంచమనడమే కదా, పేదవాడి నోరు కొట్టడమే కదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వెయ్యి లీటర్లు నగరానికి చేర్చడానికి 50 రూపాయల దరిదాపు ఖర్చవుతుండగా గృహ వినియోగదారుడి తొలి శ్లాబు ధర 10 రూపాయలు. 2021 జనవరి నుంచి జీహెచ్‌ఎంసీ పరిధిలో నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం. ఉచితం తప్పని ఈ వ్యాసం అనడం లేదు. తాగునీరు హక్కు, పేద ఇంటికి దాన్ని ప్రభుత్వం ఇవ్వడం సబబే. అయితే ఉచితమన్నది నల్లా తిప్పేవాడికే. కరెంటు బిల్లుకు, క్లోరిన్‌కు, లైన్‌మన్ జీతానికి ఉచితం వర్తించదు. వదులుకున్న ఆదాయాన్ని ప్రభుత్వం ప్రతి నెలా లెక్కకట్టి జలమండలికి చెల్లించాలి. చెల్లించకపోతే సంస్థ మొదట కోసేది మరమ్మతునే, ఎందుకంటే జీతం ఆగితే సమ్మె, కరెంటు బిల్లు ఆగితే పంపు బంద్, వాల్వు మార్చకపోతే వెంటనే ఎవరికీ ఏమీ తెలియదు. ఇక పేదవాడి మాట. పైపు పనిచేయని కాలనీలో అతను ఎలాగూ చెల్లిస్తున్నాడు. జలమండలి అయిదు వేల లీటర్ల ట్యాంకర్ ధర 500 రూపాయలు, అంటే వెయ్యి లీటర్లకు 100. మండు వేసవిలో ప్రైవేటు ట్యాంకర్ చెప్పిందే రేటు. పైపు నీటి ధరకు పది రెట్లు పెట్టి కొనేవాడికి నిర్వహణ ఖర్చు భారం కాదు, నిర్వహణ లేకపోవడమే భారం. మీటర్ల విషయంలోనూ ఇంతే. బిల్లు సున్నా వచ్చే ఇంటికి కూడా మీటరు ఉండాలి. ఎంత పంపాం, ఎంత చేరింది అన్న రెండు అంకెలు లేకుండా ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇంత దూరం నుంచి తెచ్చుకునే తంటా ఎందుకు, మన చెరువులనే బాగుచేసుకుంటే పోలా అనేవారూ ఉన్నారు. ఆ ఆశ మంచిదే, కానీ కోటి దాటిన జనాభాకు చెరువులు చాలవు. అవి చేయగలిగింది వేరే. వాన నీటిని నిలిపి బోర్లను బతికిస్తాయి, వరదను ఆపుతాయి, దూరపు పైపు రెండు రోజులు ఆగినప్పుడు ఊరిని ఆదుకుంటాయి. వాటినైనా నిలుపుకున్నామా అంటే జవాబు కష్టం. బౌరంపేట పక్కనే మల్లంపేటలో కత్వా చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దులో లేచిన విల్లాలను 2024 సెప్టెంబర్‌లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. కూల్చివేతకు బుల్డోజర్ ఒక్క రోజు చాలు. కట్టక ముందే హద్దురాళ్లు పాతి, ఏటా చూసుకుని ఉంటే ఆ రోజు వచ్చేదే కాదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ పరీవాహక ప్రాంతాన్ని కాపాడిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను 2022లో సడలించారు. నీళ్లు వచ్చే దారిని వదిలేసి కట్టను ఎంత కాపాడినా ఒకటే. చెరువుకు నిర్వహణంటే పూడిక తీయడం ఒక్కటే కాదు, మీది నుంచి వచ్చే కాలువను, మత్తడిని, శిఖం హద్దును కాపాడటం కూడా. దగ్గరి నీటికీ దూరపు నీటికీ చివరికి ఒకే షరతు వర్తిస్తుంది.

ఈ షరతు మన పూర్వులకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అది వరసగా చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. నేటి ఇంజినీరు సీపేజీ అని రిజిస్టర్‌లో రాసుకునేది దాన్నే. పోషణకు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్నది కూడా వాళ్లు తేల్చుకున్నారు. దశబంధ ఇనాముల కింద చెరువు తవ్వించినవారికో, బాగోగులు చూసేవారికో ఆయకట్టులో కొంత భూమి వదిలేవారు. చెరువు నిండితేనే ఆ భూమి పండుతుంది, కట్ట తెగితే చూసుకునేవాడి పంటే ముందు పోతుంది. తెలంగాణ పల్లెల్లో తూము తెరిచి మూసే నీరటికీ పంటలో వాటా ఉండేది. ఆ ఏర్పాటులో కులం, అధికారం తాలూకు అన్యాయాలు ఉన్నాయి, దాన్ని తిరిగి తెమ్మనడం లేదు. అందులోంచి తీసుకోవాల్సింది ఒక్క సూత్రం: నిర్వహణ ఆదాయం కట్టడానికే ముడిపడి ఉండాలి, ఏటా ఎవరి దయ మీదా ఆధారపడకూడదు.

చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతోంది. 2021 డిసెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు మించిన డ్యామ్‌లకూ, షరతులకు లోబడి 10 మీటర్లు దాటినవాటికీ వర్తిస్తుంది. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు చేయాలని, యజమాని నిర్వహణకు నిధులు ప్రత్యేకంగా కేటాయించాలని అది అంటుంది. తనిఖీలు జరుగుతున్నాయి, నివేదికలు వస్తున్నాయి. నివేదికకూ మరమ్మతుకూ మధ్య ఉన్న ఏళ్లే అసలు ప్రమాదం. ఆ ఎడం తగ్గాలంటే నివేదికలు అల్మరాలోంచి బయటికి రావాలి. ప్రతి మే నెలాఖరుకు ఏ డ్యామ్‌లో ఎన్ని గేట్లు ఎత్తి చూశారు, ఎన్ని లేవలేదు అన్నది జిల్లా వెబ్‌సైట్‌లో పెడితే చాలు, జూన్ రాకముందే జనం అడగడం మొదలుపెడతారు. పైపుల విషయంలో ఇలాంటి చట్టమే లేదు. పట్టణ నీటి వ్యవస్థకూ ఏటా భద్రతా తనిఖీ తప్పనిసరి చేయాలి. విలీనంలో జీహెచ్‌ఎంసీలోకి వచ్చిన ప్రతి ఊరి భూగర్భ పైపులు, వాల్వుల పటం ముందుగా గీయించాలి. లైన్‌మన్ కాంట్రాక్టు ఏటా మారిపోయే కొలువుగా కాక, అనుభవం పోగయ్యే ఉద్యోగంగా ఉండాలి. పథకం మంజూరు చేసేటప్పుడే 30 ఏళ్ల నిర్వహణ ఖర్చు ఎంత, ఆ డబ్బు ఏ పద్దు నుంచి అన్నది జీవోలో రాయాలి. ఇవేవీ కొత్త డ్యామ్ అంత ఖరీదైనవి కావు.

ఇవి జరగకపోవడానికి కారణం తెలియకపోవడం అనుకుంటే పొరపాటు. శంకుస్థాపనకు ఫలకం ఉంటుంది, ప్రారంభోత్సవానికి ఫొటో ఉంటుంది. సమయానికి గ్రీజు పెట్టిన గేటుకు, మార్చిన ఎయిర్ వాల్వుకు ఏదీ ఉండదు. సరిగ్గా చేసిన నిర్వహణ ఫలితం ఏమీ జరగకపోవడమే, ఏమీ జరగనిదానికి ఓట్లు పడవని నాయకులు లెక్కగట్టారు. ఆ లెక్క మార్చగలిగేది ఓటరే. గోదావరి రెండో దశ నీళ్లు వచ్చే రోజు ఉత్తర శివార్లలో సభలు జరుగుతాయి, ఎన్ని కోట్లు ఖర్చు చేశామో వేదిక మీద చెబుతారు. బౌరంపేట వాసి అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి: పాత లైన్‌లో కారిపోతున్నది నిరుడు ఎంత, ఈ ఏడు ఎంత? కొత్త లైన్ నిర్వహణకు ఏటా ఎంత పక్కన పెట్టారు, అది ఏ పద్దులో ఉంది? జవాబు అంకెల్లో రానంత కాలం, ఎన్ని నదులు తెచ్చినా సంపులో నీళ్లుంటాయో లేదో ట్యాంకర్ డ్రైవర్‌ను అడిగి తెలుసుకోవాల్సిందే.